యా కాదండీ బాబాయిగారూ, యూ

మస్కట్ నగరంలోని రూవిలో మేముండే భవనానికి లిఫ్టు ఒక్కటే. ఆ లిఫ్టులో మా పై అంతస్తు బాబాయిగారితో కలిసి ఎక్కితే, దిగేలోపు మన ఊరు, ఇంటిపేరు, ఉద్యోగం, కులం ఆయనకు అప్పజెప్పాల్సిందే. బాబాయిగారంటే మాకు చుట్టమేమీ కాదు. గల్ఫులో తెలుగువాళ్ళకు వరసలు గాలికి పుడతాయి. ఆయనది గోదావరి జిల్లా. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యాక భార్యతో సహా కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఆ కొడుకేమో ఇంజనీరు, సగం రోజులు ఎడారిలో సైట్ మీదే ఉంటాడు. ఇంట్లో మిగిలేది కోడలు. ఆమె అప్పుడు కడుపుతో ఉంది.

మస్కట్‌లో బాబాయిగారికి చేయడానికి పనేమీ లేదు. ఉన్నదల్లా ఒక ఫోను, రెండు మోకాళ్ళ నొప్పులు. ఫోనులోకి పొద్దున్నే ఎక్కడెక్కడి నుంచో మెసేజీలు వచ్చేవి. వచ్చినవాటిని వచ్చినట్టు ఆయన మా అందరికీ పంపేవారు. నేను ట్రావెల్ ఏజెన్సీలో టికెట్లు చేసే ఉద్యోగిని. బస్సులో ఆఫీసుకు వెళ్ళేలోపు నా ఫోను ఆయన మెసేజీలతో వేడెక్కిపోయేది. మొదట్లో అవి అల్లం కషాయం గురించీ ఉప్పు నీళ్ళ గురించీ ఉండేవి. తర్వాత ఎవరో పుణ్యాత్ముడు ఆయనకు యూదుల గురించి ఒకటి పంపాడు. అంతే, కషాయాలు వెనకబడిపోయాయి.

"లోకంలో ఏం జరిగినా దాని వెనకాల యూదులే ఉంటారండి. ఆయ్" అనేవారు. బ్యాంకులు వాళ్ళవే, పత్రికలు వాళ్ళవే, మందుల కంపెనీలు వాళ్ళవే. మామిడిపళ్ళలో తీపి తగ్గిందా, విత్తనం వాళ్ళది. లిఫ్టు చెడిపోయిందా, ఆ కంపెనీ ఎవరిదో కనుక్కోమనేవారు.

"మీరెప్పుడైనా ఒక యూదుణ్ణి చూశారా బాబాయిగారూ?" అని ఓసారి అడిగాను.

"కనబడితే ఇంకేవుందమ్మా! కనబడకపోవడంలోనే ఉంది వాళ్ళ తెలివంతా" అన్నారు.

అలాంటి రోజుల్లో మా పక్క ఫ్లాట్‌లోకి ఒకమ్మాయి వచ్చింది. గుంటూరు వైపు పిల్ల. దగ్గర్లోనే ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. భర్త దూరాన సలాలా అనే ఊళ్ళో పని చేసేవాడు, నెలకోసారి వచ్చి వెళ్ళేవాడు. వచ్చిన రోజునే నన్ను అక్కా అంది. ఆ సాయంత్రమే లిఫ్టులో బాబాయిగారి చేతికి చిక్కింది. నేనూ పక్కనే ఉన్నాను.

"మీరేవిట్లమ్మా?" అని కులం అడిగారు బాబాయిగారు.

"యూదులమండీ" అందా అమ్మాయి మామూలుగా.

లిఫ్టులో ఫ్యాను బస్సు ఇంజనులా మోగుతూ ఉండేది. బాబాయిగారి మొహం వెలిగిపోయింది. "యాదవులా! ఇంకేం తల్లీ. పాడీ పంటా తెలిసినవాళ్ళు. కృష్ణపరమాత్ముడి వంశం" అని రెండు చేతులూ జోడించారు.

నాకూ యాదవులనే వినబడింది. ఆ అమ్మాయి నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. ఇంతలో మా అంతస్తు వచ్చేసింది.

అసలు సంగతి నాకు ఒక శుక్రవారం తెలిసింది. కరివేపాకు కోసం వాళ్ళింటికి వెళ్ళాను. సాయంత్రం వెలుగు ఇంకా పోలేదు. బల్ల మీద రెండు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. కరెంటు పోయిందేమో అనుకుని పైకి చూస్తే ఫ్యాను తిరుగుతోంది.

"మాకు శనివారం విశ్రాంతి రోజు అక్కా. అది శుక్రవారం పొద్దు గూకేప్పుడే మొదలవుద్ది" అంది. "మేం యూదులం. మా ఊళ్ళో కొన్ని కుటుంబాలున్నాయి. చిన్న ప్రార్థన మందిరం కూడా ఉంది. మా తాతల నుంచీ అంతే."

గుంటూరు జిల్లాలో యూదులు! తెలుగు మాట్లాడుతూ, గోంగూర తింటూ!

"మరి ఈ దేశంలో నీకు ఇబ్బంది లేదూ?" అన్నాను.

"ఇక్కడ శుక్ర శనివారాలు సెలవు. ఇండియాలో శనివారం సెలవియ్యమంటే మా హెడ్డు నన్ను ఎట్టా చూసేదో మీకు తెలవదు. నాకు ఇంత అనువైన దేశం ఇంకోటి లేదక్కా" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరైనా అడిగితే చెప్తాను. అడక్కపోతే బోర్డు కట్టుకుని తిరగను. టీవీలో యుద్ధం చూస్తన్నారుగా. చచ్చిపోయే పిల్లల్ని చూస్తే, వాళ్ళు ఏ వైపు పిల్లలైనా, నాకూ ముద్ద దిగదు. కానీ అక్కడ ఏ ప్రభుత్వం ఏం చేసినా మిరపతోటలో కూర్చున్న మా అమ్మని అడిగితే ఆమె ఏం చెప్పుద్ది?" అంది.

"మరి బాబాయిగారికి యాదవులం కాదని చెప్పొద్దా?"

"ఆయన అడిగారు, నేను చెప్పాను. ఆయనకి ఎట్టా వినబడిందో అది ఆయన అదృష్టం" అంది. సరేనని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, నాకు ఆ తమాషా చూడాలనే ఉంది.

తమాషాకు కరువు రాలేదు. బాబాయిగారి మోకాళ్ళ సంగతి తెలిసి ఆ అమ్మాయే వెళ్ళి వారానికి రెండుసార్లు వ్యాయామం చేయించేది. ఆయన చాప మీద వెల్లకిలా పడుకుని, పైకప్పును చూస్తూ యూదుల గుట్టు విప్పేవారు. ఆ అమ్మాయి ఆయన కాలు పట్టుకుని మోకాలు వంచుతూ వినేది.

"అసలు వాళ్ళంతా ఏటా ఒకచోట రహస్యంగా కలుసుకుంటారమ్మా. ఏ దేశంలో ఎవర్ని కూర్చోబెట్టాలో అక్కడే... అబ్బా! మెల్లిగా తల్లీ!"

"ఇంకొంచెం వంగాలి బాబాయిగారూ. ఎక్కడ కలుసుకుంటారో చెప్పండి, చెప్తా ఉంటే నొప్పి తెలీదు."

ఆయన వాక్యం ఎంత ముందుకు వెళితే మోకాలు అంత వంగేది. ఆయన భార్య, మా పిన్నిగారు, వంటింట్లోంచి నన్ను చూసి, "ఆ అమ్మాయి చెయ్యి మంచిది. ఈయన ఇంతలా మెట్లెక్కి ఎన్నాళ్ళయిందో" అనేది.

కృష్ణాష్టమి వచ్చింది. తెలుగువాళ్ళ సంఘంలో ఉట్టి కొట్టే కార్యక్రమానికి బాబాయిగారు పెద్ద. ఆ అమ్మాయిని యశోద వేషం వెయ్యమని పట్టుబట్టారు. డ్యూటీ ఉందంది. "ద్వాపరం నుంచీ మీ ఇంటి పండగ కదమ్మా, మీరే రాకపోతే ఎలాగ?" అని చిన్నబుచ్చుకున్నారు. ఆ లోటు తీర్చుకోవడానికి, పండగ వెళ్ళాక ఒకరోజు మమ్మల్నిద్దరినీ భోజనానికి పిలిచారు. పిన్నిగారు కోడికూర అద్భుతంగా చేసింది. చివర్లో గడ్డ పెరుగు తెచ్చి వడ్డించబోతే ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. మాంసం తిన్న పూట పాలూ పెరుగూ వాళ్ళు ముట్టరు.

బాబాయిగారు ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయారు. "యాదవుల ఆడపడుచు పెరుగు వద్దంటోంది! కలికాలం అంటే ఏంటో అనుకున్నాను."

"వద్దంటే వదిలెయ్యండి. జలుబేమో" అంది పిన్నిగారు.

అలా ఇంకా ఎన్నాళ్ళు సాగేదో. కానీ ఒక ఉదయం కుళాయిల్లో నీళ్ళు ఎర్రగా వచ్చాయి. చిక్కటి ఎరుపు కాదు, పలచటి టీ డికాక్షన్ రంగు. ముందురోజు ఇసుక గాలి బాగా వీచింది. అందరం బకెట్లతో వరండాలోకి వచ్చేశాం. హారిస్, అంటే మా భవనం కాపలా మనిషి, ట్యాంకు చూడ్డానికి మిద్దె మీదికి పరిగెత్తాడు. అతను తిరిగొచ్చేలోపు బాబాయిగారు సభ తీర్చారు. చేతిలో ఫోను.

"ఇది మామూలు సంగతి కాదు. మంచినీళ్ళలో విషం కలపడం యూదులకి అలవాటే. ఇదిగో, నిన్ననే వచ్చింది మెసేజీ. పూర్వం ఊళ్ళకి ఊళ్ళు ఇలాగే..."

అప్పుడే ఆ అమ్మాయి క్లినిక్ నుంచి మెట్లెక్కి వచ్చింది. ఆ రోజు తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్ళి, టిఫినుకని వచ్చింది. అంతా విన్నది. సంచి కింద పెట్టింది.

"నేను పొద్దుగాలే డ్యూటీకి పోయాను గదండీ బాబాయిగారూ. ఎప్పుడు కలిపానంటారు?" అంది.

"నువ్వెందుకు కలుపుతావమ్మా? నువ్వు యాదవుల పిల్లవి!"

"యాదవులం కాదండీ. యూదులం. యా కాదండీ బాబాయిగారూ, యూ."

బాబాయిగారు ఫోను వైపు చూశారు, ఆ అమ్మాయి వైపు చూశారు, మళ్ళీ ఫోను వైపు చూశారు. అందులో ఉన్నదీ ఎదురుగా ఉన్నదీ ఒకటేనని ఆయన బుర్రకు ఎక్కడం లేదని తెలుస్తూనే ఉంది. కోడలు మెల్లిగా గోడకు ఆనుకుని కూర్చుంది, నవ్వు ఆపుకోవడానికి.

అంతలో హారిస్ మెట్లు దిగాడు. గాలికి ట్యాంకు మూత ఎగిరిపోయిందట. లోపల పడి నానుతున్నదాన్ని ఒక కర్రకు తగిలించి తెచ్చాడు. ఎర్ర తుండుగుడ్డ. దాని రంగంతా కారి సగం తెల్లబడింది.

ఎవరిదని ఎవరూ అడగకముందే పిన్నిగారు ముందుకు వచ్చి, అంచు తిప్పి చూసింది. "ఇది మీ తుండే కదండీ. నిన్న మిద్దె మీద ఆరేశాను, కనబడకపోతే గాలికి పోయిందనుకుంటున్నాను" అంది.

బాబాయిగారు ఆ తుండు అందుకుని, పిండి, భుజాన వేసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళు నా ఫోను చల్లగా ఉంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో టీ తాగుతూ ఆ అమ్మాయి నవ్వింది, కాసేపు ఏడ్చింది కూడా. "నీళ్ళ మాట మటుకు తట్టుకోలేకపోయానక్కా. అది కొత్త మాట కాదు" అంది. తను చిన్నప్పటి నుంచీ పెద్దలు చెప్పగా విన్నది చెప్పింది. తర్వాత ఆఫీసులో ఖాళీ దొరికినప్పుడల్లా నేనూ చదివాను.

కొన్ని వందల ఏళ్ళ కిందట యూరప్‌లో మహమ్మారి వచ్చి జనం రాలిపోతుంటే, యూదులు బావుల్లో విషం కలిపారని ఎవరో పుట్టించారు. ఆ మాట నమ్మి ఊళ్ళకు ఊళ్ళు యూదుల్ని సజీవంగా తగలబెట్టాయి. బాబాయిగారి ఫోనులోకి నిన్ననే వచ్చిన వార్త అదే. అంతకుముందే క్రైస్తవుల దేవుణ్ణి చంపినవాళ్ళని ఒక నింద ఉంది. చాలా రాజ్యాల్లో పొలం కొనుక్కోనివ్వలేదు, చేతిపనుల సంఘాల్లో చేరనివ్వలేదు. వడ్డీ వ్యాపారం మాత్రం చేసుకోమన్నారు. చేశాక, చూశారా వీళ్ళకు డబ్బే లోకం అన్నారు. తర్వాతి కాలంలో, యూదులు రహస్యంగా కూడి ప్రపంచాన్ని ఏలడానికి పథకం వేస్తున్నారని ఒక దొంగ పుస్తకం అచ్చు వేశారు. దొంగదని తేలిపోయాక కూడా అది ఒక భాష నుంచి ఇంకో భాషలోకి మారుతూనే పోయింది. పోయిన శతాబ్దంలో ఒక ప్రభుత్వం ఆ అబద్ధాలన్నీ బడిలో పాఠాలుగా చెప్పి, చివరికి అరవై లక్షలమందిని చంపింది. చదువుతూ ఉంటే బాబాయిగారి చాప మీది కబుర్లన్నీ ఒక్కొక్కటే కనబడ్డాయి. ఆయన సొంతంగా కల్పించింది మామిడిపళ్ళ సంగతొక్కటే.

మన దేశంలో యూదులు ఎన్నో తరాలుగా ఉన్నారు. కేరళ తీరంలో ఉన్నారు, బొంబాయి వైపు ఉన్నారు. పక్కింటివాళ్ళు వాళ్ళను తరిమిన కథలు మనకు లేవు. మన నేల మీద ఈ పంట ఎవరూ వెయ్యలేదు. ఇది దిగుమతి సరుకు. నా ఆఫీసులో మనిషి కదలాలంటే పాస్‌పోర్టు కావాలి, వీసా కావాలి. ఈ సరుకు ఏ కాగితమూ లేకుండా, చివర్న దండం పెట్టే బొమ్మ తగిలించుకుని గోదావరి జిల్లా దాకా వచ్చేసింది.

బాబాయిగారి మౌనం ఎక్కువకాలం నిలవలేదు. ఒకరోజు బాదంపప్పు పొట్లంతో ఆ అమ్మాయి ఇంటికి దిగివచ్చారు. నేను అక్కడే ఉన్నాను. క్షమించమని అడుగుతారేమోనని ఇద్దరం సర్దుకుని కూర్చున్నాం.

"అమ్మా, ఇన్నాళ్ళూ నేను పొరపాటు పడ్డాను" అన్నారు. "మీరు మామూలువాళ్ళు కాదు. మేధావులు. నాకిప్పుడే వచ్చింది, చదువుతాను వినండి. యూదు స్త్రీలు కడుపుతో ఉన్నప్పుడు రోజూ లెక్కలు చేస్తారట. బాదంపప్పు తింటారట. వయొలిన్ వింటారట. అందుకే వాళ్ళ పిల్లలు అంత తెలివైనవాళ్ళట! మా కోడలికి నిన్నటి నుంచీ మొదలెట్టించాను. వయొలిన్ దొరికింది, బాదం ఇదిగో. లెక్కలు ఏ తరగతివి చెయ్యాలో మీ అమ్మగారు ఏం చేశారో చెబితే..."

"నాకు టెన్త్‌లో లెక్కల్లో ముప్ఫై ఆరు వచ్చినయ్యి బాబాయిగారూ. మా అమ్మ నేను కడుపులో ఉన్నప్పుడు కోల్డ్ స్టోరేజీలో ఎండుమిరపకాయలకి తొడిమలు తీసే కూలికి పోయేది. వయొలిన్ కాదు, తుమ్ములు విన్నాను నేను" అందా అమ్మాయి.

"తొడిమలు" అన్నారు బాబాయిగారు మెల్లిగా, ఎవరో చెవిలో మంత్రం ఊదినట్టు. లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం పై అంతస్తు నుంచి తుమ్ములు. ఒకళ్ళవి కాదు, ఇంటిల్లిపాదివీ. కాసేపటికి మా తలుపు కొట్టి కోడలు లోపలికి వచ్చిపడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది.

"అక్కా, కాపాడండి. మావయ్యగారు రూవి మార్కెట్‌లో మిరపకాయల బస్తా కొనుక్కొచ్చారు. నన్ను తొడిమలు తియ్యమంటున్నారు. బిడ్డకి మంచిదంట!"

సంగతి విని పక్కింటమ్మాయి గబగబా మెట్లెక్కింది. నేను వెనకే వెళ్ళాను. హాల్లో దుప్పటి పరిచి ఉంది. దాని మీద ఎర్రగా మిరపకాయల గుట్ట. ఒక పక్క పిన్నిగారు కొంగు ముక్కుకు కట్టుకుని కూర్చుంది. ఇంకో పక్క బాబాయిగారు తొడిమ తీస్తూ, తుమ్ముతూ, మళ్ళీ తీస్తూ ఉన్నారు. ఫోనులో వయొలిన్ మోగుతోంది.

"రామ్మా, నువ్వు చెప్పిన రహస్యమే... హాఛ్!"

"అది రహస్యం కాదు, కూలి!" అని అరిచింది ఆ అమ్మాయి. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. "మా అమ్మ చేతులు ఎట్టా మండేయో తెలుసా మీకు? రాత్రిపూట అన్నం కలుపుకోలేక నా చేత ముద్దలు పెట్టించుకునేది. యూదులు విషం కలిపారని మీరన్నప్పుడు కూడా నాకు ఇంత కోపం రాలేదు. అప్పుడు నేను దెయ్యాన్ని. ఇప్పుడు దేవతని. మధ్యలో మనిషినని ఒక్కపూటన్నా అనిపించలేదా మీకు? మీ మోకాళ్ళు పట్టుకున్న చేతులు గదా ఇవి!"

ఆఖరి మాట అంటూనే ఆమెకూ తుమ్ము వచ్చింది. నాకూ వచ్చింది. పిన్నిగారు లేచి వయొలిన్ ఆపేసింది.

బాబాయిగారు చేతిలో మిరపకాయ పక్కన పెట్టారు. కళ్ళలో నీళ్ళు అప్పటికే ధారగా ఉన్నాయి కాబట్టి వాటిలో ఎన్ని మిరపకాయలవో ఎన్ని కావో చెప్పలేను. "నాకు ఎవరూ పంపలేదమ్మా" అన్నారు చివరికి. "మీ అమ్మగారి చేతుల సంగతి. ఇది తప్ప అన్నీ పంపారు."

"నేను చెప్తాను, కూర్చోండి" అంది. చెప్పింది. మేమందరం కిటికీలు తీసి, ముక్కులు కడుక్కుని, విన్నాం. బావుల కథ దగ్గర బాబాయిగారు భుజం మీది తుండు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

కోడలికి ఆడపిల్ల పుట్టింది. పురిటి తర్వాత నడుము వ్యాయామాలు పక్కింటమ్మాయే చేయించింది. మిరపకాయలు తలా కాసిని పంచుకున్నాం, వాటితో పెట్టిన పచ్చడి బాగా కుదిరింది.

బాబాయిగారు మారారా అంటే, మారారు, ఆయన పద్ధతిలో. ఈమధ్య మా తెలుగు సంఘం గ్రూపులో ఎవరో యూదుల మీద పాత మెసేజీ ఒకటి పెట్టారు. బాబాయిగారు దాని కింద, "ఇది శుద్ధ అబద్ధం. నాకు తెలిసిన అమ్మాయి చెప్పింది" అని రాశారు. వెంటనే ఒకాయన, "ఎవరా అమ్మాయి? ఏ బిల్డింగు?" అని అడిగాడు. లిఫ్టులో ఊరందరి గుట్టూ లాగి ఊరందరికీ చెప్పే మనిషి కదా, చెప్పేస్తారేమోనని పై అంతస్తుకు పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి ఆయన గ్రూపులోంచే బయటికి వచ్చేశారు.

సంఘంలో గగ్గోలైపోయింది. పెద్దాయన అలిగి వెళ్ళిపోయారని అధ్యక్షుడు ఫోను చేశాడు, కార్యదర్శి చేశాడు. మెసేజీ పెట్టినవాడు కూడా చేసి, తీసేశానండీ, మళ్ళీ చేరండి అని బతిమాలాడు. బాబాయిగారు సోఫాలో నిటారుగా కూర్చుని, "అబద్ధాలున్న చోట నేనుండలేనండి. ఆయ్. మాటంటే మాటే" అని అందరికీ ఒకటే సమాధానం చెప్పారు. పక్కింటమ్మాయి కూడా అప్పటికి వచ్చింది. మా ఇద్దరికీ ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

పిన్నిగారు పసిపిల్లను భుజాన వేసుకుని వచ్చి మా మధ్య కూర్చుంది.

"మాటా లేదు, పాడూ లేదు" అంది. "'నాకు తెలియదు' అని టైపు కొట్టబోయారు. కళ్ళజోడు లేదు. ఏదో నొక్కితే బయటికొచ్చేశారు. మళ్ళీ ఎలా చేరాలో తెలీక అప్పట్నించీ ఆ ఫోనుతో కుస్తీ పడుతున్నారు."

"నువ్వూరుకో" అన్నారు బాబాయిగారు, ఇంకో ఫోను రావడంతో గొంతు సవరించుకుంటూ.